మూత్రం జారకుండా చేసే ఆపరేషన్ తర్వాత దాంపత్యం: ఏం మారుతుంది, ఎందుకు మారుతుంది

దగ్గినా తుమ్మినా బిందె ఎత్తినా మూత్రం పడిపోతున్న ఆడవాళ్లు ఆపరేషన్ మాట ఎత్తగానే రెండు జవాబులు వింటారు. ఇంట్లో పెద్దావిడ "అది చేయించుకుంటే ఇంక సంసారానికి పనికిరావు" అంటుంది. ధైర్యం చేసి డాక్టరమ్మని అడిగితే "ఏం కాదులేమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ రెండింటిలో ఏదీ పూర్తి జవాబు కాదు. ఎక్కువమందికి ఆపరేషన్ తర్వాత కలయిక ముందుకన్నా సుఖంగా ఉంటుంది. కొద్దిమందికి అప్పటిదాకా లేని నొప్పి మొదలవుతుంది. ఎవరు ఎటు పడతారన్నది అంతా అదృష్టం కాదు. మూత్రం పడేది ఏ రకంగా, చేసింది ఏ రకం ఆపరేషన్, దాంతోపాటు ఇంకేమేం కుట్టారు, యోని చర్మం అప్పటికి ఎలా ఉంది అనే నాలుగు సంగతులు చూస్తే చాలావరకు ముందే అంచనా వేయొచ్చు.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పాడి మీద బతికే ఇళ్లు చాలా ఎక్కువ. గడ్డిమోపు తలకెత్తుకోవడం, పేడతట్ట లేపడం, పాలక్యాను మోసుకెళ్లడం అన్నీ పొట్టలో ఒత్తిడి పెంచే పనులే. రెండు మూడు కాన్పులయ్యాక ఈ పనుల్లో మూత్రం చుక్కలు చుక్కలుగా పడటం మామూలేనని సరిపెట్టుకుంటారు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కే మొక్కు ఉన్నా, దారిలో చీర తడుస్తుందని బస్సెక్కి కొండకు పోయేవాళ్లుంటారు. ఇంతవరకైనా ఎవరో ఒకరితో చెప్పుకుంటారు. పక్క మీద తడిసే సంగతి మాత్రం ఎవరితోనూ చెప్పరు. ఈ వ్యాసం దాని గురించే.

పక్క మీద ఎందుకు పడుతుంది

మూత్రాశయం నుంచి బయటికొచ్చే మూత్రమార్గం ఆడవాళ్లలో 3 నుంచి 4 సెంటీమీటర్లే. అది యోని ముందుగోడను అంటిపెట్టుకుని, దాని మీదే ఆనుకుని ఉంటుంది. తోటలో నీళ్ల పైపు గట్టినేల మీద ఉంటే కాలితో తొక్కగానే నీళ్లు ఆగిపోతాయి, అదే పైపు బురదలో ఉంటే ఎంత తొక్కినా కిందికి దిగిపోతుందే తప్ప నీళ్లు ఆగవు. కాన్పుల్లో ముందుగోడ కింది ఆధారం సాగిపోయినప్పుడు జరిగేది ఇదే. దగ్గు ఒత్తిడి పైనుంచి పడుతుంది, కింద అదుముకోవడానికి గట్టి ఆధారం ఉండదు, మూత్రం పడిపోతుంది. దీన్ని స్ట్రెస్ రకం అంటారు. ఇక్కడ స్ట్రెస్ అంటే పొట్ట ఒత్తిడి, మనసు ఒత్తిడి కాదు.

రెండోది అర్జ్ రకం. ఒక్కసారిగా తొందర వస్తుంది, బాత్రూం తలుపు దాకా పోయేలోపే పడిపోతుంది. ఇక్కడ తప్పు ఆధారానిది కాదు. మూత్రాశయం కండరం వేళకాని వేళ బిగుసుకుంటోంది. చాలామందికి రెండూ కలిసే ఉంటాయి.

కలయికలో మూత్రం ఎప్పుడు పడుతోందో చెబితే డాక్టరుకు చాలా సాయం చేసినట్టే. ప్రవేశం జరిగేటప్పుడు, బరువు పడినప్పుడు, కదలికల్లో పడుతుంటే అది ఎక్కువగా స్ట్రెస్ రకం. భావప్రాప్తి క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ మూత్రం పోతుంటే అర్జ్ రకాన్ని కూడా అనుమానించాలి. ఈ తేడా వందశాతం కచ్చితం కాదు, భావప్రాప్తిలో పడేవాళ్లలోనూ మూత్రమార్గం బలహీనంగా ఉన్నవాళ్లుంటారు. అయినా అడగాల్సిన ప్రశ్న ఇది. ఎందుకంటే మూత్రమార్గం కింద ఆధారంగా సన్నటి టేపు వేసే ఆపరేషన్ స్ట్రెస్ రకానికే. ఒట్టి అర్జ్ రకానికి టేపు వేస్తే పక్క మీద తడి ఆగదు, పైగా తొందర ఇంకా పెరగొచ్చు. అక్కడ పనిచేసేవి మూత్రాశయానికి పట్టు నేర్పే శిక్షణ, మాత్రలు.

నిర్ధారణకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. మూత్ర పరీక్ష, మూడు రోజుల పాటు ఎంత తాగారో ఎప్పుడు పోశారో రాసిన కాగితం, మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో చూసే స్కానింగ్, మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు దగ్గించి చూడటం చాలు. చిక్కు కేసులకే, అంటే ముందొక ఆపరేషన్ అయినవాళ్లకి, రెండు రకాలు కలిసి ఉన్నవాళ్లకి, మూత్రం పూర్తిగా పోనివాళ్లకి మూత్రాశయంలో ఒత్తిడిని కొలిచే యూరోడైనమిక్స్ పరీక్ష కావాలి.

టేపు వేసేటప్పుడు లోపల జరిగేది

ఇప్పుడు ఎక్కువగా చేసేది మూత్రమార్గం మధ్యభాగం కింద సన్నటి టేపు వేయడం. స్వీడన్ డాక్టరు ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ 1990లలో దీన్ని తీసుకొచ్చాడు. టేపు పాలీప్రొపిలీన్ దారంతో అల్లిన వల, వెడల్పు సుమారు 1.1 సెంటీమీటర్లు. మూత్రరంధ్రం నుంచి సెంటీమీటరు లోపలికి, యోని ముందుగోడ మీద సెంటీమీటరు నుంచి ఒకటిన్నర దాకా గాటు పెడతారు. గాటుకు ముందు అక్కడ నీటిమందు ఎక్కించి పొరలను ఉబ్బిస్తారు. అది మత్తు కోసమే కాదు, సరైన పొరలోకి కత్తెర పోవడానికి కూడా. ఈ మెట్టు మీద మేము ఎక్కువగా చెప్పడానికి కారణముంది. టేపు మీద కప్పే యోని చర్మం పలచగా వస్తే, కొన్ని నెలలకి టేపు అంచు బయటపడేది అక్కడే. కలయికలో గుచ్చుకునేది ఆ అంచే.

గాటులోంచి సూది పోయే దారులు రెండు. మొదటిది జఘనాస్థి (పొత్తికడుపు అడుగున ముందుండే ఎముక) వెనకగా పైకెళ్లి, పొత్తికడుపు కింద రెండు చిన్న గాట్లలోంచి బయటికొస్తుంది. దీన్ని టీవీటీ అంటారు. సూది మూత్రాశయానికి దగ్గరగా పోతుంది కాబట్టి లోపల దూరిందేమోనని కెమెరా పెట్టి చూడటం తప్పనిసరి. రెండోది తొడ మొదట్లోని ఎముక రంధ్రంలోంచి, తొడను లోపలికి లాగే కండరాల పక్కగా గజ్జల్లోకి వస్తుంది. ఇది టీఓటీ, 2001లో మొదలైంది. ఇందులో టేపు దాదాపు అడ్డంగా, యోని పక్క మూలలను ఆనుకుని పోతుంది.

టేపును బిగించకూడదు. మూత్రమార్గానికి టేపుకు మధ్య కత్తెర మూతి పెట్టి, ఆ ఖాళీ ఉంచి వదిలేస్తారు. దగ్గినప్పుడు మాత్రమే అది ఆధారంగా పనిచేయాలి. "ఇంకొంచెం బిగిస్తే ఇంకా బాగా ఆగుతుంది కదా" అనుకోవడం పొరపాటు. బిగుసుకున్న టేపుతో మూత్రం పూర్తిగా పోదు, ఇన్ఫెక్షన్లు పదేపదే వస్తాయి, యోనిలో వేలు పెడితే తీగలాగా తగిలి ప్రతి కలయికలోనూ నొప్పి పుడుతుంది.

ఎక్కువమందికి మేలు ఎందుకు జరుగుతుంది

ఈ విషయంలో గట్టి ఆధారాలే ఉన్నాయి. అమెరికాలో టీవీటీ, టీఓటీలను పోల్చుతూ 597 మంది మీద చేసిన పరీక్ష 2010లో వెలువడింది. టేపు లేని రెండు పాత ఆపరేషన్లను 655 మంది మీద పోల్చిన పరీక్ష 2007లో వచ్చింది. లైంగిక జీవితం గురించి 12 ప్రశ్నలతో, 48 మార్కులకు కొలిచే పట్టిక ఒకటుంది. మొదటి పరీక్షలో ఆపరేషన్‌కి ముందు సగటు 33 దగ్గర ఉంటే, తర్వాత 37 దాటింది. కలయికలో మూత్రం పడటం, పడుతుందేమోనన్న భయం బాగా తగ్గాయి. నొప్పి కూడా సగటున తగ్గింది. రెండు పరీక్షల్లోని స్త్రీల సమాచారం కలిపి తర్వాత చూసినప్పుడు కూడా ఏ రకం ఆపరేషన్ అయినా మెరుగుదల కనిపించింది, రకాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

మెరుగుదల ఎక్కడొచ్చిందో చూడాలి. కోరిక, భావప్రాప్తి పెద్దగా మారవు. మారేది తడి, దాంతోపాటు వాసన వస్తుందేమోనన్న బెంగ, లైటు తీసేయమనడం, మధ్యలో లేచిపోవడం, అసలు దగ్గరికి రానివ్వకపోవడం. భయంతో కటి కండరాలు బిగబట్టుకున్న ఆడమనిషికి ప్రవేశం నొప్పిగానే ఉంటుంది. మూత్రం పడదన్న నమ్మకం కుదిరాక ఆ బిగింపు వదులుతుంది. నొప్పి తగ్గడానికి అదీ ఒక కారణం.

ఈ సగటు అంకెల్లో మాకు తృప్తి లేని విషయం ఒకటుంది. ఆ 12 ప్రశ్నల పట్టిక కలయిక జరుగుతున్న స్త్రీలకే పనికొస్తుంది. ఆపరేషన్ తర్వాత నొప్పి భరించలేక కలయికే మానేసినావిడ ఆ సగటులోంచి జారిపోతుంది. కాబట్టి "సగటున మెరుగైంది" అన్నది నిజమే అయినా, "నీకేం కాదు" అనడానికి అది చాలదు.

కొద్దిమందికి ఏం తప్పుతుంది

అన్నిటికన్నా స్పష్టంగా పట్టుకోగలిగేది టేపు బయటపడటం. పెద్ద సమీక్షల్లో ఇది 100 మందిలో సుమారు ఇద్దరికి జరిగింది. చర్మం పలచగా కప్పడం, గాయం కింద రక్తం గడ్డకట్టడం, ఇన్ఫెక్షన్, అదుపులో లేని షుగరు, పొగాకు, ముట్లు ఆగాక ఎండిపోయిన యోని చర్మం, గాయం మానకముందే కలయిక దీనికి దారితీస్తాయి. చాలాసార్లు మొదట కనిపెట్టేది భర్తే. ఏదో గరుకుగా గీసుకుంటోందని, మంటగా ఉందని చెబుతాడు. ఆవిడకి తెల్లబట్టతో పాటు కలయిక తర్వాత రక్తపు మరక కనిపిస్తుంది. ఇది జబ్బేదో అంటుకున్నదని కాదు, ఎవరి తప్పూ కాదు. డాక్టరు స్పెక్యులమ్ (యోనిని తెరిచి చూసే పరికరం) పెట్టి ముందుగోడ చూడాలి, వేలితో తడమాలి. కంటికి కనిపించని చిన్న అంచు వేలికి గరుకుగా తగులుతుంది. కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే బయటపడి నొప్పి లేకపోతే ఈస్ట్రోజన్ క్రీముతో కొన్ని వారాలు చూస్తారు. లేకపోతే ఆ ముక్క కత్తిరించి చర్మం మళ్లీ కప్పుతారు.

రెండోది గజ్జల నొప్పి. టీఓటీలో 100 మందిలో ఆరుగురికి, టీవీటీలో ఒకరికి వచ్చినట్టు లెక్కలున్నాయి. ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. తగ్గనివాళ్లకు కాళ్లు ఎడంగా పెట్టినప్పుడల్లా లాగుతుంది, అంటే కలయికలో తప్పకుండా లాగుతుంది. టీఓటీ టేపు యోని పక్క మూలలను ఆనుకుని పోతుందని పైన చెప్పాం. సన్నగా ఉన్నవాళ్లలో, పలచటి చర్మంలో అది తాడులాగా చేతికి తగిలి, లోతుగా కాకుండా మధ్యలోనే, ఒకే పక్కన నొప్పి పుట్టిస్తుంది. టీవీటీకి వేరే ఇబ్బంది. సూది మూత్రాశయాన్ని గుచ్చుకోవడం 100 మందిలో నలుగురైదుగురికి జరుగుతుంది, టీఓటీలో 100 మందిలో ఒకరికన్నా తక్కువే. ఆపరేషన్ బల్ల మీదే కెమెరాతో కనిపెట్టి, సూది తీసి మళ్లీ వేస్తే దాంపత్యం మీద ప్రభావం ఉండదు. కనిపెట్టకుండా వదిలేస్తే మూత్రాశయంలో టేపు మీద రాళ్లు కడతాయి. దాంపత్యం చురుగ్గా ఉన్నావిడకి, తొడ కండరాలతో బరువు పని చేసే ఆవిడకి మిగతావన్నీ సమానమైతే మా మొగ్గు టీవీటీ వైపు. పొత్తికడుపులో ముందు చాలా ఆపరేషన్లు అయి, లోపల అతుక్కుపోయినవాళ్లకి టీఓటీ భద్రం.

మూడోది కటి కండరాల బిగుతు. గాయం నొప్పికి శరీరం ముందే బిగబట్టుకుంటుంది, గాయం మానినా ఆ అలవాటు పోదు. ఇలాంటివాళ్లకి "కెగెల్ చేయమ్మా" అని, అంటే కటి కండరాలు బిగించే వ్యాయామం చెప్పి పంపేయడం నొప్పిని పెంచడమే. వాళ్లు నేర్చుకోవాల్సింది బిగించడం కాదు, వదలడం. దానికి ఫిజియోథెరపీ, నెమ్మదైన ఊపిరి, యోనిని మెల్లగా అలవాటు చేయడానికి పరిమాణం పెంచుకుంటూ పోయే డైలేటర్లు ఉన్నాయి.

కలిపి చేసే రిపేర్లు: అసలు చిక్కు ఇక్కడ

మన ప్రాంతంలో మూత్రం జారుడుకి ఒక్క టేపే వేసి పంపేది తక్కువ. "ఎలాగూ మత్తు ఇస్తున్నాం కదా" అని గర్భసంచి తీసేయడం, జారిన యోని గోడలు కుట్టడం, కింద ద్వారం బిగించడం ఒకేసారి చేస్తారు. తర్వాత నొప్పి వస్తే నింద టేపు మీద పడుతుంది. చాలాసార్లు కారణం వెనకగోడ కుట్లు. వెనకగోడ రిపేరులో మలద్వారం పక్క కండరాలను దగ్గరికి లాగి కుడితే యోని మధ్యలో ఒక గట్టు ఏర్పడుతుంది. ద్వారం దగ్గర అవసరానికి మించి కుట్లు వేస్తే ప్రవేశమే కష్టమవుతుంది. ఆపరేషన్ ముగిసేటప్పుడు రెండు వేళ్లు ఇబ్బంది లేకుండా పట్టాలి. "బిగుతుగా కుట్టండి, మా ఆయన బాగుంటుందంటాడు" అని అడిగేవాళ్లూ ఉన్నారు, అడగకుండానే అలా కుట్టేవాళ్లూ ఉన్నారు. దయచేసి అడగొద్దు. బిగుతు సుఖం కాదు, ఏడాది తర్వాత దాని ఫలితం చిరిగే చర్మం, మంట, దూరంగా పడుకోవడం.

గర్భసంచి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 8.9 శాతం మందికి గర్భసంచి లేదు. గర్భసంచి తీస్తే మూత్రం జారడం ఆగదు. దాంతోపాటు అండాశయాలు కూడా తీస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోయి యోని ఎండిపోతుంది, పలచబడుతుంది, మూత్రం మంట పెరుగుతుంది. నలభై దాటకుండానే అలా అయినావిడకి తర్వాత టేపు వేస్తే, టేపు బయటపడే ప్రమాదాన్ని, కలయిక నొప్పిని ముందే పెంచిపెట్టినట్టే.

ఇంకో గందరగోళం, అమెరికాలో టేపును ఆపేశారన్న యూట్యూబ్ మాట వల్ల. అమెరికా ఔషధ సంస్థ 2019 ఏప్రిల్‌లో అమ్మకం ఆపించింది జారిన గోడలకు యోని గుండా వేసే పెద్ద వలలను, మూత్రం టేపును కాదు. బ్రిటన్ మాత్రం 2018 జూలైలో మూత్రం టేపును కూడా నిలిపేసింది. నొప్పితో బాధపడ్డ స్త్రీల మాట ఏళ్ల తరబడి వినకపోవడం వల్లే అక్కడ వ్యవహారం అంతదాకా వచ్చింది. ఆ స్త్రీల మాట నిజం. లక్షల మందికి టేపు పనిచేసిందన్నదీ నిజమే.

వల వద్దనుకునేవాళ్లకి దారులున్నాయి. పొత్తికడుపు గోడలోంచి సొంత పొర, 8 నుంచి 10 సెంటీమీటర్ల పట్టీ తీసి మూత్రమార్గం కింద వేయొచ్చు. బయటపడే భయం దాదాపు ఉండదు. కానీ గాటు పెద్దది, మూత్రం ఆగిపోవడం, ఇన్ఫెక్షన్లు ఎక్కువ. బర్చ్ ఆపరేషన్‌లో మూత్రాశయం మెడ పక్క కణజాలాన్ని జఘనాస్థి వెనక గట్టి బంధనానికి దారాలతో కడతారు. యోనిలో గాటే ఉండదు, అయితే ఏళ్లు గడిచాక వెనకగోడ జారే అవకాశముంది. మూత్రమార్గంలో జెల్ ఇంజెక్షను తేలిక, యోని జోలికే పోదు. ఫలితం తక్కువ, మళ్లీ వేయాల్సి రావచ్చు.

బల్ల ఎక్కకముందు

అసలు ఆపరేషన్ దాకా పోకుండా సరిపోయేవాళ్లు చాలామందే. కటి కండరాల వ్యాయామం ఒక్కోసారి కనీసం 8 బిగింపులు, రోజుకి మూడుసార్లు, మూడు నెలలు చేయాలి. అపానవాయువును ఆపుకున్నట్టు లోపలికి పైకి లాగాలి, పొట్టా పిర్రలూ బిగించకూడదు. తప్పుగా చేసి "పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ, అందుకే ఒక్కసారైనా ఎవరైనా పరీక్షించి చూడాలి. బరువు తగ్గడం ఎంత పనిచేస్తుందంటే, అమెరికాలో 338 మంది మీద చేసి 2009లో ప్రచురించిన పరీక్షలో శరీర బరువు 8 శాతం తగ్గిన జట్టులో మూత్రం పడే సందర్భాలు 47 శాతం తగ్గాయి. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆపరేషన్ వాయిదా వేసుకోవడం మంచిది.

ఈ ఆపరేషన్ గైనిక్ డాక్టర్లూ చేస్తారు, యూరాలజీ డాక్టర్లూ చేస్తారు. తిరుపతిలో స్విమ్స్ యూరాలజీ ఉంది, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి గైనిక్ ఓపీ ఉంది. చిత్తూరు వైపు వాళ్లకి వేలూరు సీఎంసీ దగ్గర. ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ కేసు వస్తుందో లేదో అక్కడి కౌంటర్లో చీటీ చూపించి ముందే అడగండి.

ఎక్కడికి పోయినా ఈ ప్రశ్నలు అడగండి: నాది ఏ రకం, ఏ దారిలో టేపు వేస్తారు, దాంతోపాటు ఇంకేం చేస్తారు, అండాశయాలు ముట్టుకుంటారా. దాంపత్యం సంగతి మీరే ఎత్తండి. "కలయికలో మూత్రం పడుతోంది, ఇప్పటికైతే నొప్పి లేదు" లేదా "ఇప్పటికే నొప్పి ఉంది" అని చెప్పి కేస్‌షీట్‌లో రాయించండి. ముందు పరిస్థితి రాసి లేకపోతే, రేపు నొప్పి వచ్చినప్పుడు అది ఆపరేషన్ వల్లనా కాదా అన్నది ఎవరూ తేల్చలేరు. మగ డాక్టరుతో చెప్పలేకపోతే నర్సమ్మతో చెప్పినా అది కాగితం మీదికి రావాలి.

ముట్లు ఆగినవాళ్లు ఆపరేషన్‌కి కొన్ని వారాల ముందే ఈస్ట్రియాల్ (ఒక రకం ఈస్ట్రోజన్) క్రీము మొదలుపెట్టాలా అని అడగాలి. మామూలు పద్ధతి, గ్రాముకి 1 మిల్లీగ్రాము ఉన్న క్రీము అర గ్రాము, రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు క్యాన్సర్ డాక్టరును అడగకుండా వాడకూడదు. షుగరు అదుపులోకి వచ్చాకే తేదీ పెట్టుకోండి.

ఆరు వారాలు, ఆ తర్వాత

ఎక్కువమంది అదేరోజో మర్నాడో ఇంటికి పోతారు. పంపేముందు మూత్రం పోయించి, లోపల మిగిలింది కొలవాలి. చాలాచోట్ల 100 నుంచి 150 మిల్లీలీటర్ల లోపు ఉండాలని చూస్తారు. యోని కుట్లు కరిగే దారంతో వేస్తారు. ఆరు వారాలు కలయిక వద్దు, లోపల ఏమీ పెట్టుకోవద్దు, క్యాను, గడ్డిమోపు, నిండు బిందె ఎత్తొద్దు. నిజంగా తప్పేది ఇక్కడే. పైకి గాయం కనిపించదు కాబట్టి రెండో వారానికే ఆవిడ పాలు పిండటానికి కూర్చుంటుంది, మూడో వారానికి భర్త ఆగడు. అందుకే ఆరు వారాల మాట భర్తను కూర్చోబెట్టి డాక్టరే చెప్పాలి. ఇంటి మనుషులందరి ముందు ఆవిడ చేత చెప్పించకూడదు.

ఆరో వారం పరీక్షలో గాయం మానిందని చూశాకే మొదలుపెట్టాలి. ముందు మూత్రం పోసి రావాలి. నీటితో చేసిన జెల్ వాడాలి. కొబ్బరినూనె పనిచేస్తుంది గానీ కండోమ్ వాడేవాళ్లకు వద్దు, నూనె రబ్బరును పాడుచేస్తుంది. మొదటి కొన్నిసార్లు ఆడమనిషి పైన ఉండటమో పక్కకు తిరిగి పడుకోవడమో మేలు, లోతు ఆవిడ చేతిలో ఉంటుంది. మొదట్లో కొంచెం లాగినట్టు ఉండటం మామూలు, కొన్ని వారాల్లో తగ్గుతూ పోవాలి.

మూడు నెలలు దాటినా నొప్పి తగ్గకపోయినా, అంతకుముందే రక్తం కనిపించినా, గరుకు తగిలినా, దుర్వాసనతో తెల్లబట్ట అయినా, మూత్రం ధార సన్నబడినా మళ్లీ చూపించుకోవాలి. అప్పుడు "ఎక్కడ నొప్పి" అన్నదానికి వేలితో చూపించగలిగితే సగం పని అయిపోతుంది. ద్వారం దగ్గరైతే కుట్లు లేదా పొడిబారడం, ముందుగోడ మధ్యలో అయితే టేపు, ఒక పక్క మూలలో అయితే టేపు పక్కకు పోయే భాగం లేదా కండరం, లోతుగా అయితే గర్భసంచి తీసిన చోటో మలబద్ధకమో. టేపు నొప్పేనని తేలితే యోనిలో ఉన్న భాగం తీసేయొచ్చు. దాంతో చాలామందికి నొప్పి తగ్గుతుంది, కొందరికి పూర్తిగా పోదు, కొందరికి మూత్రం జారుడు తిరిగి మొదలవుతుంది. గజ్జల్లో, ఎముక వెనక ఉన్న ముక్కలు తీయడం పెద్ద ఆపరేషన్, దాన్ని బాగా అలవాటున్నచోటే చేయించాలి.

అందుకోసం డిశ్చార్జ్ కాగితంతో పాటు టేపు పెట్టె మీది స్టిక్కరు అడిగి తీసుకోండి. దాని మీద టేపు పేరు, రకం, బ్యాచ్ నంబరు ఉంటాయి. అయిదేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు ముందు కూర్చున్నప్పుడు, లోపల ఉన్నదేమిటో, ఏ దారిలో వేశారో ఆ చిన్న కాగితమే చెబుతుంది.